పాత కార్ల షోకి బండి తీసుకెళ్తే 60 వేలు: ఇలా అయితే మనలాంటి వాళ్ళం వెళ్ళగలమా?

సత్తెనపల్లి ఫియట్
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మొన్న శని, ఆదివారాల్లో హైదరాబాద్‌లో జరిగిన పాత కార్ల షోకి మా 1967 ఫియట్ 1100 డిలైట్‌ని తీసుకెళ్ళి నిన్న రాత్రే ఇంటికి చేరాం. బండికి ఏమీ కాలేదు, క్షేమం. కానీ ఖర్చు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నిద్ర పట్టడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

డీసీఎం (చిన్న లారీ) మీద ఎక్కించి తీసుకెళ్ళడానికి 18,000, తీసుకురావడానికి 18,000. ఎంట్రీ ఫీజు 5,000, దాని మీద జీఎస్టీ 900. రెండు రాత్రులు గదికి 6,400. తిండి, ఆటోలు అన్నీ కలిపి 4,500. ఎంట్రీ ఫీజు కట్టినా పాస్ ఒక్కరికే ఇచ్చారు కాబట్టి మా ఆవిడకి, అబ్బాయికి విడిగా టికెట్లు, 1,500. వెళ్ళే ముందు కార్బురేటర్, పెట్రోల్ హోసులు, పంపు పనికి 6,200. మొత్తం 60,500. ఈ ఏడాదే ఆర్‌సీ రెన్యువల్ వచ్చింది, 10,000 కట్టాను. అదీ కలిపితే 70,500.

ఇదే బండితో 2014లో నాన్నగారితో కలిసి హైదరాబాద్ వెళ్ళాను. బండి నడుపుకుంటూనే వెళ్ళాం. నార్కట్‌పల్లి దగ్గర టీ తాగి, బానెట్ తెరిచి కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ బయల్దేరాం. మేనమామ గారింట్లో పడుకున్నాం. ఎంట్రీకి ఎవరూ పైసా అడగలేదు. పైగా మధ్యాహ్నం అందరికీ భోజనం పెట్టారు. నాన్నగారి పుస్తకంలో ఆ ప్రయాణం లెక్క ఇప్పటికీ ఉంది. మొత్తం 5,000 దాటలేదు.

పదకొండేళ్ళలో ధరలు పెరగడం సహజమే, ఒప్పుకుంటాను. కానీ పన్నెండు రెట్లా? మీ అందరి అనుభవం చెప్పండి. ఎక్కడైనా తగ్గించుకునే దారి ఉందా, లేక ఇక ఇది మన వల్ల అయ్యే పని కాదా?

ఆటోనగర్ బాషా
మంగళవారం, రాత్రి 10:05

బండి క్షేమంగా వచ్చింది, అది చాలు బాబూ. నేను చెప్పిన పెట్రోల్ హోసులు మార్చారా లేదా? పాతవి ఒకసారి వేలితో నొక్కి చూడండి.

సత్తెనపల్లి ఫియట్
మంగళవారం, రాత్రి 10:20

మార్చాను బాషా గారూ. పాత హోస్ నొక్కితే జీడిపాకంలా సాగింది. లోపలి రబ్బరు పొర ఊడి ముద్దలా వచ్చింది. కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున తెల్లటి మడ్డి. మీరు ఫోన్‌లో చెప్పకపోతే నడుపుకుంటూ బయల్దేరి దారిలో ఎక్కడో ఆగిపోయేవాళ్ళం, ఇంకా కర్మకాలితే మంటలే.

వైజాగ్ రాజ్‌దూత్
మంగళవారం, రాత్రి 10:48

అన్నా, నా దగ్గర కారు లేదు, నాన్నగారి రాజ్‌దూత్ మోటార్ సైకిల్ ఒక్కటే. నేను చూడ్డానికి వెళ్ళేవాడి వైపు నుంచి చెప్తా. పోయినేడాది ఒక షోకి ఇంట్లో నలుగురం వెళ్ళాం. టికెట్లు, పార్కింగ్, లోపల నాలుగు ప్లేట్ల నూడుల్స్, నీళ్ళ సీసాలు కలిపి 4,000 దాటింది. నీళ్ళ సీసా కూడా బయట నుంచి తీసుకెళ్ళనివ్వలేదు. మా పాప వయసు ఆరేళ్ళు, దానికీ పూర్తి టికెట్టే.

ఇంత పెట్టి లోపలికి వెళ్తే కార్లన్నిటి చుట్టూ తాళ్ళు. పదడుగుల దూరం నుంచి చూడాలి. బానెట్లు మూసేశారు. ఒక్క బండి కూడా స్టార్ట్ చేయలేదు. పాత కారు అంటే ఆ చప్పుడు, ఆ వాసనే కదా అన్నా. అవి లేకపోతే ఫొటో చూసినట్టే ఉంటుంది. పాప అరగంటకే ఇంటికి పోదాం అంది.

హైదరాబాద్ హెరాల్డ్
బుధవారం, ఉదయం 7:15

ఫియట్ గారూ, మీ లెక్క చూసి నాకూ బాధేసింది. మీరు వెళ్ళిన షో నిర్వాహకుల్లో నేను లేను. కానీ చిన్నా పెద్దా షోలకి వలంటీర్‌గా పనిచేశాను కాబట్టి అటు వైపు లెక్క కూడా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు.

అప్పట్లో షో అంటే ఏదో ఒక కాలేజీ గ్రౌండ్ అడిగి తీసుకునేవాళ్ళం. ప్రిన్సిపాల్ గారికి ఒక పాత కారులో ఒక రౌండ్ తిప్పితే సంతోషపడి అద్దె లేకుండా ఇచ్చేవారు. ఇప్పుడు ఊళ్ళో ఖాళీ గ్రౌండ్ ఎక్కడుంది? ఉన్నవన్నీ కన్వెన్షన్ సెంటర్లు, హోటల్ లాన్లు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అయితే పెళ్ళివాళ్ళు ఇచ్చే అద్దె మనమూ ఇవ్వాలి. చలికాలంలో షో పెట్టకపోతే ఎండకి జనం రారు, చలికాలంలో పెడితే ముహూర్తాలతో పోటీ. నేను పనిచేసిన ఆఖరి షోలో సగానికి పైగా డబ్బు స్థలానికి, పందిరికే పోయింది. ఆ తర్వాత జనరేటర్, అంబులెన్స్, ఫైర్ ఇంజన్, సెక్యూరిటీ, ఇన్సూరెన్స్. రోడ్డు మీద ర్యాలీ అంటే పోలీసు అనుమతి, ట్రాఫిక్ మళ్ళింపు. అనుమతి ముందు రోజు సాయంత్రం దాకా చేతికి రాదు. ఆ టెన్షన్ పడలేక చాలామంది ర్యాలీ మానేసి కార్లని ఒకచోట నిలబెట్టేస్తున్నారు.

స్పాన్సర్ వస్తే ఖర్చు తగ్గుతుంది కదా అనుకుంటాం. కానీ స్పాన్సర్‌కి కావలసింది మీ డిలైట్, నా స్టాండర్డ్ హెరాల్డ్ కాదు. ముందు వరుసలో రోల్స్ రాయిస్, బ్యూక్, కాడిలాక్ ఉండాలి. మన బండ్లు వెనక, పార్కింగ్ గోడ పక్కన. మన దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకుని మనల్ని అక్కడ నిలబెట్టడం మాత్రం తప్పే. ఆ మాట మీటింగుల్లో అన్నాను, ఇక్కడా అంటున్నాను.

దక్కన్ బ్యూక్
బుధవారం, ఉదయం 8:30

హెరాల్డ్ గారు అన్నదానికి ఒక మాట కలుపుతాను. తాళ్ళు ఎందుకు కట్టామో కూడా అర్థం చేసుకోండి. మాది 1940ల బ్యూక్. దాని ముందు గ్రిల్‌కి క్రోమ్ వేయించడానికి మూడు ఊళ్ళు తిరిగాను, రెండుసార్లు పాడు చేసి ఇచ్చారు, మూడోసారి బాగా వచ్చింది. ఆ తర్వాత మొదటి షోలోనే ఎవరో బెల్టు బకిల్ ఆనించి ఫొటో దిగారు. ఫెండర్ (చక్రం మీది రేకు) మీద జానెడు గీత. ఆ రంగు మళ్ళీ కలవక మొత్తం ఫెండర్ రంగు వేయించాను.

అంత పాత బండిని కాపాడటానికి డబ్బు కావాలి. టికెట్ లేకుండా గేటు తెరిస్తే జనం వేలల్లో వస్తారు, ఎవరినీ ఆపలేం. 2017లో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో కార్టియర్ అనే నగల కంపెనీ వాళ్ళ కాంకోర్ (పాత కార్ల అందాల పోటీ) జరిగింది. ఆహ్వానం ఉన్నవాళ్ళకే ప్రవేశం. చాలామంది విమర్శించారు. కానీ దేశంలో అంతవరకు ఎవరూ చూడని సంస్థానాల బండ్లు బయటికొచ్చాయంటే ఆ పద్ధతి వల్లే. యజమానికి భయం లేకపోతేనే బండి షెడ్డు దాటుతుంది.

వైజాగ్ రాజ్‌దూత్
బుధవారం, ఉదయం 8:52

బ్యూక్ గారూ, మీ ఫెండర్‌కి అలా జరగడం నిజంగా బాధే. కానీ ఆహ్వానం లేని నాలాంటి వాడు ఆ బండ్లు బయటికొచ్చినా చూడలేదు కదండీ. షెడ్డులో ఉన్నా, ఆ గేటు వెనకున్నా నాకు ఒకటే.

నేను కడుపు నిండా చూసిన పాత కారు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ ఇచ్చింది. వెనక సింహాసనంలాంటి ఎత్తు సీటు, పసుపు రంగు ఒళ్ళు. బండి వచ్చేసరికి ఆయన లేరట. మామూలు ప్యాలెస్ టికెట్‌తో వెళ్ళి గంటసేపు దాని ముందే నిలబడ్డాను. ఎవరూ తరమలేదు.

శాన్‌హోసే కిరణ్
బుధవారం, ఉదయం 10:10

ఇక్కడ అమెరికా సంగతి కూడా చెప్తాను, అప్పుడు ఇది ఒక్క మన దగ్గరి సమస్యే కాదని తెలుస్తుంది. మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో మాంటెరీ. ప్రతి ఆగస్టులో అక్కడ పెబుల్ బీచ్ కాంకోర్ జరుగుతుంది. 1950లో మొదలైంది. ఇప్పుడు సముద్రం ఒడ్డున గోల్ఫ్ కోర్సు 18వ ఫెయిర్‌వే మీద కార్లు నిలబెడతారు. ప్రపంచంలో పాత కార్ల వాళ్ళకి అదే కాశీ. నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను. ఒక్కరికి టికెట్ 400 డాలర్లు దాటిపోయింది. ఇద్దరం, పైన తిండి. ఆ వారం మాంటెరీలో హోటల్ గది దొరకదు. దొరికినా మామూలు రోజుకి మూడు నాలుగింతలు చెప్తారు. అందుకని చాలామంది సలీనాస్‌లో దిగుతారు.

మా ఆవిడ ఆ రోజు ఒక మాట అంది: "ఈ డబ్బుతో అమ్మావాళ్ళకి వైజాగ్ నుంచి తిరుపతి టికెట్లు తీసి, దర్శనం చేయించి, ఇంటికి పంపొచ్చు." ఏమీ అనలేకపోయాను.

కానీ అసలు విషయం వినండి. అదే వారంలో పైసా ఖర్చు లేకుండా చూసేవి బోలెడున్నాయి. గురువారం నాడు పెబుల్ బీచ్‌కి వచ్చిన బండ్లే రోడ్డు మీద ప్రయాణం చేస్తాయి. మనం రోడ్డు పక్కన నిలబడి దగ్గర నుంచి చూడొచ్చు. ఆదివారం 400 డాలర్లు పెట్టి చూసే బండినే గురువారం ఉత్తినే చూస్తాం, అదీ ఇంజన్ వేడిగా, టైర్లకి దుమ్ముతో. పసిఫిక్ గ్రోవ్‌లో చిన్న ఇంజన్ కార్ల షో ఒకటుంది, దానికీ టికెట్ లేదు. సీసైడ్‌లో బాగా పాడైపోయిన, ఎవరూ మెచ్చని పాత కార్లకే ఒక షో పెడతారు, అదీ ఉచితమే. నేను గత కొన్నేళ్ళుగా వీటికే పిల్లల్ని తీసుకెళ్తున్నాను. ఇడ్లీలు డబ్బాలో కట్టుకుని పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేస్తాం.

లీసెస్టర్ రమ
బుధవారం, మధ్యాహ్నం 2:25

కిరణ్ గారు చెప్పింది నిజం. ఇంగ్లండ్‌లోనూ గుడ్‌వుడ్ లాంటి పెద్ద కార్ల పండగలకి కుటుంబంతో వెళ్ళాలంటే నెలల ముందు డబ్బు దాచుకోవాలి. మేం వెళ్ళడం మానేశాం. కానీ నవంబర్ మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్ దాకా జరిగే పరుగు మాత్రం వదలం. 1905కి ముందు తయారైన బండ్లే అందులో పాల్గొనాలి. తెల్లవారుజామున హైడ్ పార్కు నుంచి ఒక్కొక్కటి బయల్దేరతాయి. దాదాపు 60 మైళ్ళు. చూడ్డానికి టికెట్ లేదు. రోడ్డు పక్కన నిలబడటమే.

1896లో ఇక్కడ మోటారు బండ్ల వేగం హద్దు గంటకి 4 మైళ్ళ నుంచి 14కి పెంచారు. ఆ సంతోషంలో తీసిన పరుగుకి గుర్తుగా ఇది చేస్తారు. పోయినసారి ఎత్తు ఎక్కలేక ఒక బండి మా ముందే ఆగిపోయింది. దానిలో ఉన్న పెద్దావిడ దిగి తోయడం మొదలుపెడితే మా ఆయన, మా బాబు వెళ్ళి తోశారు. మా వాడు ఆ రాత్రి నిద్రపోయేదాకా "నేను 120 ఏళ్ళ బండిని తోశానమ్మా" అంటూనే ఉన్నాడు.

ఇంకొక సంగతి. సత్తెనపల్లి అన్నయ్య గారు ఆర్‌సీకి 10,000 కట్టానన్నారు. ఇక్కడ బండికి 40 ఏళ్ళు నిండితే రోడ్డు పన్ను సున్నా. ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష కూడా, బండిని పెద్దగా మార్చకపోతే, అక్కర్లేదు. మా పక్కింటి మాస్టారు మారిస్ మైనర్‌ని పింఛను మీదే నడుపుకుంటున్నారు. ఇక్కడ బండి ముసలిదయ్యేకొద్దీ భారం తగ్గుతుంది. మన దగ్గర పెరుగుతుంది. నాకు అన్నిటికన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

హైదరాబాద్ హెరాల్డ్
బుధవారం, సాయంత్రం 6:40

రమ గారు మంచి విషయం ఎత్తారు. తెలియని వాళ్ళ కోసం చెప్తాను. 15 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. అయిదేళ్ళకి ఒకసారి కట్టాలి. విదేశం నుంచి దిగుమతి అయిన బండికైతే 80,000. తుక్కు బండ్లని రోడ్డు మీద నుంచి తీయాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది, పొగ గొట్టంలా తిరిగేవి ఉన్నాయి. కానీ ఏడాదికి 500 కిలోమీటర్లు కూడా తిరగని డిలైట్‌ని ఆ గాటనే కట్టేశారు.

దీనికి ఒక పక్కదారి ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండి అయితే అర్హత ఉంటుంది. కొత్తగా చేయిస్తే 20,000, పదేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000. కొత్తగా రిజిస్టర్ చేసే వాటికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇప్పటికే రిజిస్టర్ అయి ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. ఫియట్ గారూ, మీది 1967ది కాబట్టి వస్తుంది. నాన్నగారి నంబరు పోదు.

అయితే ఒక చిక్కుంది. వింటేజ్‌లో పెడితే రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోల్ పోయించడానికి, రిపేరుకి మాత్రమే బయటికి తీయాలి.

సత్తెనపల్లి ఫియట్
బుధవారం, రాత్రి 8:10

హెరాల్డ్ గారూ, ఈ వివరం ఇంతవరకు నాకెవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఆర్‌టీవో ఆఫీసులో అడిగితే ఏజెంటు "అదంతా రాజుల బండ్లకి సార్" అన్నాడు. లెక్క వేస్తే పాతికేళ్ళకి నా పద్ధతిలో 50,000, వింటేజ్ పద్ధతిలో 30,000. కానీ ప్రతి శుక్రవారం అమ్మని గుడికి తీసుకెళ్ళేది ఈ బండిలోనే. ఆవిడకి ఎత్తు బండ్లు ఎక్కడం కష్టం, ఇందులో సీటు మెత్తగా ఉంటుంది, తలుపు వెడల్పు. గుడికి వెళ్ళకూడదంటే ఆ రిజిస్ట్రేషన్ నాకొద్దు.

ఆటోనగర్ బాషా
బుధవారం, రాత్రి 8:25

వద్దు. బండి నడవాలి. నెలకి నాలుగుసార్లయినా తిరగకపోతే వీల్ సిలిండర్ రబ్బర్లు ఎండుతాయి, వాటర్ పంపు సీలు పోతుంది, బ్రేకులు పట్టేస్తాయి. షో కోసం బండిని దాచేవాళ్ళు నా దగ్గరికి ఏడాదికి ఒకసారి పెద్ద బిల్లుతో వస్తారు. గుడికి తీసుకెళ్ళేవాళ్ళు ఆయిల్ మార్చుకుని పోతారు.

దక్కన్ బ్యూక్
బుధవారం, రాత్రి 9:00

బాషా గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా బ్యూక్‌ని ప్రతి ఆదివారం పొద్దున్న కాలనీలో తిప్పుతాను.

ఫియట్ గారూ, ఒక ప్రశ్న. 2014లో నడుపుకుంటూ వెళ్ళిన బండిని ఇప్పుడు డీసీఎం ఎందుకు ఎక్కించారు? మీ ఖర్చులో సగం పైగా అదే.

సత్తెనపల్లి ఫియట్
బుధవారం, రాత్రి 9:45

సరైన ప్రశ్న అడిగారు. రెండు కారణాలు.

ఒకటి పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బర్లు దానికి తట్టుకోవు, అది గాలిలో తేమ కూడా లాగుతుంది. ఆ హోస్ సంగతి చూశాక ధైర్యం చాలలేదు. రెండోది రోడ్డు. అప్పట్లో 60లో వెళ్తుంటే వెనక లారీవాళ్ళు కూడా చెయ్యి ఊపి పక్కనుంచి వెళ్ళేవారు. ఇప్పుడు అందరూ వందకి పైనే. మా బండి 1089 సీసీ, చుట్టూ డ్రమ్ బ్రేకులు. ముందు కారు ఒక్కసారి ఆగితే నా బండి ఆగదు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయలేకపోయాను.

మొదటి పోస్టులో రాయని విషయం ఒకటుంది, ఇప్పుడు రాస్తాను.

ఆదివారం సాయంత్రం షో అయిపోయాక గేటు బయట రోడ్డు పక్కన డీసీఎంలోకి ఎక్కిస్తున్నాం. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, తెల్ల చొక్కా, చేతిలో మనవడి చెయ్యి. చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి ఉన్నారు. "ఇది డిలైటే కదండీ?" అన్నారు. అవునన్నాను. ఖమ్మంలో ఒక డాక్టరు గారి దగ్గర పన్నెండేళ్ళు ఇదే బండి నడిపారట. మనవడికి చూపిద్దామని రెండు బస్సులు మారి వచ్చారు. టికెట్ ధర బోర్డు చూసి లోపలికి వెళ్ళలేదు. పొద్దున పదకొండు నుంచి గేటు బయటే ఉండి, లోపలికి వెళ్ళే బండ్లు, బయటికి వచ్చే బండ్లు చూపించారట.

నేను తలుపు తీసి కూర్చోమన్నాను. మొదట వద్దన్నారు, చెప్పులు విప్పి కూర్చున్నారు. క్లచ్ తొక్కి స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేరు మీద చెయ్యి వేశారు. కిందికి చూడలేదు. ఇంజన్ ఆపే ఉంది, అయినా నాలుగు గేర్లూ వరుసగా వేసి, రివర్స్ వేసి, న్యూట్రల్‌కి తెచ్చి చెయ్యి తీశారు. "రెండో గేరు కొంచెం పట్టేస్తోందయ్యా, లింకేజీ బుష్ చూపించు" అన్నారు. మా అబ్బాయి నన్ను చూశాడు. నిజంగానే రెండో గేరు ఆర్నెల్లుగా పట్టేస్తోంది.

అంత తెలిసిన మనిషి ఆ షోలో లోపల ఉండాలి. జడ్జీల పక్కన కూర్చోబెట్టాలి. ఆయన రోజంతా ఎండలో గేటు బయట నిలబడ్డారు. నాకు 60,000 పోయినందుకు కాదు, దానికి నిద్ర పట్టడం లేదు.

వైజాగ్ రాజ్‌దూత్
బుధవారం, రాత్రి 9:58

అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

దక్కన్ బ్యూక్
బుధవారం, రాత్రి 10:30

పొద్దున నేను తాళ్ళ గురించి రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను, బండికి రక్షణ కావాలి. కానీ గేటు దగ్గర టికెట్టూ, బండి దగ్గర తాడూ రెండూ అవసరమా అన్నది ఆలోచించలేదు. తాడు ఉంటే చాలు, గేటు తెరవొచ్చు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీ 1964లో మొదలైంది. బండ్లు ఊరి మధ్యలోంచి రోడ్డు మీద నడుస్తాయి, రెండు పక్కలా జనం నిలబడి చూస్తారు. మా బ్యూక్‌ని అలా జనం మధ్య నడిపించడానికి నాకు అభ్యంతరం లేదు. నడిచే బండికి ఎవరూ బెల్టు ఆనించలేరు.

హైదరాబాద్ హెరాల్డ్
గురువారం, ఉదయం 6:50

రాత్రంతా ఇదే ఆలోచించాను. షో అనే మాట పక్కన పెడదాం. పందిరి వద్దు, బహుమతులు వద్దు, జడ్జీలు వద్దు. ఆదివారం పొద్దున ఆరింటికి ఒకచోట కలుద్దాం, తొమ్మిదింటికి ఎండ ఎక్కేలోపు ఇళ్ళకి వెళ్ళిపోదాం. పది బండ్లు వచ్చినా చాలు. స్థలం ఒక్కటే కావాలి. హైదరాబాద్‌లో అడగడానికి కష్టం, రోడ్డు పక్కన పెడితే గంటలో పోలీసులు వస్తారు.

ఆటోనగర్ బాషా
గురువారం, ఉదయం 7:05

విజయవాడ ఆటోనగర్ ఆదివారం ఖాళీ. మా వర్క్‌షాప్ ముందు ఇరవై బండ్లు పడతాయి. పక్క రెండు షెడ్ల వాళ్ళని నేను అడుగుతాను, కాదనరు. అద్దె లేదు. టీ నా ఖర్చు. బండి దారిలో మొరాయిస్తే మా వాళ్ళే వచ్చి చూస్తారు.

సత్తెనపల్లి ఫియట్
గురువారం, ఉదయం 7:20

సత్తెనపల్లి నుంచి విజయవాడకి నేను నడుపుకుంటూనే వస్తాను. గుంటూరు మీదుగా, తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, 50 దాటక్కర్లేదు. పెట్రోల్ వెయ్యి రూపాయలు. అంతే.

లీసెస్టర్ రమ
గురువారం, ఉదయం 11:40

మాది గుడివాడ. సంక్రాంతికి పిల్లల్తో వస్తున్నాం. ఆ దగ్గరలో పెడితే మేమూ వస్తాం. తోయాల్సిన బండి ఉంటే మా వాడికి చెప్పండి.

వైజాగ్ రాజ్‌దూత్
గురువారం, మధ్యాహ్నం 12:15

మోటార్ సైకిళ్ళకి చోటు ఉంటుందా బాషా గారూ? రాజ్‌దూత్‌ని రైల్లో పార్సిల్ వేసి తెస్తాను.

ఆటోనగర్ బాషా
గురువారం, మధ్యాహ్నం 12:30

ఉంటుంది. పెట్రోల్ పూర్తిగా తీసేసి బుక్ చెయ్యి, లేకపోతే స్టేషన్‌లో తీసుకోరు. ఇక్కడికి వచ్చాక పోద్దాం.

హైదరాబాద్ హెరాల్డ్
గురువారం, సాయంత్రం 5:30

నేనూ, బ్యూక్ గారూ వస్తాం. బ్యూక్ అంత దూరం నడపడం కుదరదు, ఇద్దరం నా హెరాల్డ్‌లో శనివారం మధ్యాహ్నమే బయల్దేరి సూర్యాపేటలో ఆగుతూ వస్తాం. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం అనుకుందామా? రోడ్డు మీద పండగ రద్దీ తగ్గి ఉంటుంది.

సత్తెనపల్లి ఫియట్
గురువారం, రాత్రి 9:15

రమ గారికి వీలైతే ఆ ఆదివారమే ఖాయం. ఖమ్మం పెద్దాయన ఫోన్ నంబరు ఆ రోజే తీసుకున్నాను. ఇప్పుడే మాట్లాడాను. విజయవాడకి పొద్దున రైలుందట, మనవణ్ణి తీసుకుని వస్తానన్నారు. లింకేజీ బుష్ మార్చారా అని అడిగారు. ఇంకా లేదన్నాను. అయితే నేను వచ్చేదాకా విప్పొద్దు అన్నారు.

ఆటోనగర్ బాషా
గురువారం, రాత్రి 9:30

బుష్ నా దగ్గర లేదు, లేత్ మీద ఇత్తడిది చేయించి పెడతాను. ఆ పాడైన పెట్రోల్ హోస్ పారేశారా? పారేయకపోతే ఒక కవర్లో వేసి తీసుకురండి. అందరికీ చేతికిచ్చి నొక్కి చూడమందాం.